గొలుసుకు మూడు లంకెలు

అమీర్‌పేట,
18 జూన్ 1943, శుక్రవారం.

మహారాజశ్రీ బాపుగారి పాదాలకు విజయరాణి అనేక నమస్కారాలు. ఇచ్చట అమ్మ, నాయనమ్మ, నేను, కుట్టుమిషను కుశలం. అచ్చట పెదనాన్నగారి ఇంటిల్లిపాది కుశలమూ, పెళ్లికొడుకు కోటు కుశలమూ తెలుపగలరు.

ఇంతవరకూ నాయనమ్మ పక్కన కూర్చుని చెప్పింది. మిషను, నువ్వక్కడ కుడుతున్న కోటు మాత్రం నేను కలిపాను. ఇప్పుడు ఆమె బియ్యం ఏరడానికి లేచింది కాబట్టి నా మాటల్లో రాస్తున్నాను.

బాపూ, నేను గెలిచాను!

నువ్వు మాట మారుస్తావేమోనని షరతు మళ్లీ రాస్తున్నాను. నీ చేతిగడియారం గొలుసులో అరిగిన లంకె అంచు తగిలి జాగీర్దారు పట్టు షేర్వానీలో పోగు లేచినప్పటి నుంచీ నువ్వు గడియారం విప్పి జేబులో వేసుకునే కత్తెర పట్టుకుంటున్నావు. సిరిసిల్ల బస్సెక్కే రోజు నేను మదరాసు ఎల్.టి. కాలేజీ వాళ్ల ఉత్తరం చూపించి, జులై అయిదో తారీఖుకల్లా చేరాలంటే, నువ్వు ఆ గడియారం తీసి నా చేతిలో పెట్టావు. "గీ గొలుసు నీ చేతులతోనే బాగుజెయ్యాలె. పట్టు మీద రాస్తే ఒక్క పోగు లేవొద్దు. నేనొచ్చేలోపట అయితే మదరాసు. కాకుంటే సిద్దిపేట సంబంధం" అన్నావు. నాయనమ్మ మొహం చూశావా అప్పుడు? అక్షింతలు కలిపేసినంత సంతోషం.

మర్నాడే ఆబిడ్సు వెళ్లాను. కొట్టులో సూటు వేసుకున్న ఆసామి గొలుసును చచ్చిన తేలులా రెండు వేళ్లతో పట్టుకుని, యుద్ధం మొదలైనప్పటి నుంచీ ఓడలు రావడం లేదనీ, వచ్చినా ఈ వయసు గొలుసుకు లంకెలు దొరకవనీ, తోలుపట్టీ వేయించుకొమ్మనీ చెప్పాడు. తోలుపట్టీతో మదరాసు వెళ్లలేనని చెబితే ఆయనకేం అర్థమవుతుంది?

చివరికి పంజాగుట్ట మలుపులో, టాంగాలు ఆగేచోట గోనెపట్టా నీడలో గడియారాలు బాగు చేసే తుకారాం దగ్గర తేలాను. కంటికి భూతద్దం బిగించి గొలుసులో ఒక్కో లంకే చూసి, "మూడు కడీలు సచ్చినయి. అయిదు సీలలు అరిగినయి. కొక్కెం వంగింది. ఏంది బిడ్డా, మదరాసుల గొలుసులు జేసుడు నేర్పుతరా?" అన్నాడు. కాదు, పిల్లలకు లెక్కలు చెప్పడం నేర్పుతారన్నాను. "గట్లయితే మూడూ అయిదూ నువ్వే జూసుకో. కొక్కెం ఎట్ల సాపుజెయ్యాల్నో నేను జెప్త" అన్నాడు. అతని రేకుడబ్బా మొత్తం నేలమీద బోర్లించి వెతికాను. ముళ్లున్నాయి, చక్రాలున్నాయి, ఒక ఎండిన మిడత ఉంది. మన గొలుసుకు సరిపోయే లంకె ఒక్కటీ లేదు. "ఎల్లుండి రా, జూస్త" అన్నాడు.

ఎల్లుండి వెళ్తే మళ్లీ ఎల్లుండి. ఆ రోజు వాన. చెప్పు తెగి, బురదలో ఒంటికాలి చెప్పుతో అమీర్‌పేట దాకా నడిచొస్తే నాయనమ్మ గడపలోనే ఆపి, "సిద్దిపేటోళ్లకు టాంగా ఉన్నదట" అంది.

అయితే నేను ఊరికే కూర్చోలేదు. సిపాయిలకు మేజోళ్లు అల్లమని కాలేజీలో ఇచ్చిన ఉక్కు సూదులు గుర్తున్నాయా? ఒక సూది తెచ్చి లంకె చిల్లులో పెట్టి చూశాను. కొలిచి చేసినట్టు సరిపోయింది! తుకారాం ఆకురాయితో అయిదు ముక్కలుగా కోశాను. ఏ సిపాయి పాదాలకో నా మేజోళ్ల బాధ తప్పింది.

మూడోసారి వెళ్లినప్పుడు తుకారాం నన్ను చూస్తూనే నవ్వాడు. అచ్చం మన గొలుసు జాతివే, మూడు లంకెలు! నేను రోడ్డు మీద గంతేస్తే టాంగా గుర్రం బెదిరింది. కొక్కెం సరిచేయడం, లంకెలు బిగించడం నేనే చేశాను బాపూ. "దంచకు బిడ్డా, జోకొట్టు, జోకొట్టు" అని అతను పక్కన గొణుగుతుంటే చిన్న సుత్తితో సీలల చివరలు నెమ్మదిగా తట్టాను. ఇంటికొచ్చి కుంకుడు రసంలో నానబెట్టి, నీ బల్ల మీది సుద్ద నూరి తోమాను. సుద్ద అయిపోయింది, కోప్పడకు.

పరీక్ష నిన్న మధ్యాహ్నం. న్యాయమూర్తి రుద్రమ్మగారు, అంటే మన నాయనమ్మే. నేను పట్టుముక్క తెస్తే ఒప్పుకోలేదు. తన పెళ్లి పట్టుచీర పెట్టెలోంచి తీసి, "దీని మీద రాయి. పోగు లేస్తే పెండ్లి ఖర్చుల నుంచి కొత్త చీర పెట్టాలె" అంది. అమ్మ తులసికోట దగ్గరికి పారిపోయింది. నేను చీర నలగకుండా పరుస్తుంటే నాయనమ్మే గొలుసు లాక్కుని, చీర మీద అటూ ఇటూ, ముందుకూ వెనక్కూ రాసింది. కిటికీ దగ్గర కూర్చుని వేలితో తడిమింది. ఎంతసేపు తడిమిందో! తరవాత చీర మడతపెట్టి, "ఒక్క పోగు సుత లేవలే" అంది. అని ఊరుకుందా? "మదరాసుల తినెతందుకు సకినాలు జెయ్యాలె" అని వంటింట్లోకి పోయింది.

బాపూ, జులై మూడుకల్లా రా. గడియారం నీ మణికట్టుకు నేనే పెడతాను.

నీ గెలిచిన బిడ్డ,
విజయరాణి

తా.క. ఇది విడి కాగితం మీద రాస్తున్నాను. అక్కడ ఉత్తరాలన్నీ పైకి చదువుతారని తెలుసు. ఇది మాత్రం లోపల్లోపల చదువుకో.

తుకారాం ఆ మూడు లంకెలూ కాగితంలో కట్టి ఇవ్వలేదు. గుడ్డలో కట్టి ఇచ్చాడు. అప్పటి సంబరంలో నేను చూడలేదు. ఇవాళ ఉతుకుదామని తీస్తే, జానెడు కూడా లేని, కోటు లోపల వేసే అస్తరు ముక్క, నాలుగు వైపులా మడిచి సన్నటి కుట్టుతో అంచు కుట్టి ఉంది. పొట్లం కట్టే గుడ్డకు అంచు కుట్టేవాడు నిజాం రాజ్యం మొత్తంలో దర్జీ శివరాములు, అంటే నువ్వు ఒక్కడివే బాపూ!

వెంటనే పంజాగుట్ట పరుగెత్తాను. తుకారాం తల గోక్కున్నాడు. "మీ బాపే, ఆఖరికి నువ్వు నా కాడికే వస్తవని, ఊరు పోయే పొద్దుగాలనే ఇచ్చిపోయిండు. నెల సంది దేవులాడి పట్టిండట. ఒక్కసారికే ఇస్తే ఎర్కవడ్తది, రెండుసార్లు తిప్పి ఇయ్యమన్నడు. తల్లికి ఎదురు జెప్పలేడు గద బిడ్డా, మాట ఓడితే ఇగ ఎవ్వలేమంటరు" అన్నాడు.

లంకెలు నీవి. సీలలు నావి. చెప్పు కూడా నాదే.

బస్సు దిగేటప్పుడు కాస్త దిగులుగా కనబడు. నువ్వు నవ్వావంటే నాకూ నవ్వొస్తుంది, ఇద్దరం దొరికిపోతాం.