యాడి అంటే అమ్మ

దంతాలపల్లి,
అక్టోబరు, 2011

నజియా,

నిన్న నాకు ఇరవై నిండాయి. పండుగ ఎట్లా చేసుకున్నానో చెప్తాను, విను.

తెలంగాణ సమ్మెతో బడి మూతపడింది కదా, తండా పిల్లలను మా అరుగు మీద కూర్చోబెట్టాను. పలక మీద 'అమ్మ' అని రాసి చదవమంటే చిన్నది సింధు నోరు విప్పలేదు. ఇంట్లో తెలుగు వినని పిల్ల. ఒకటో తరగతిలో నువ్వూ నేనూ అంతే కదా. "నోట్ల నాలుక లేదా ఏంది? మొద్దులు!" అనేవాడు సారు.

"అమ్మ అంటే యాడి" అన్నాను.

"ముందే చెప్పొద్దా!" అని సింధు మా లంబాడీ భాషలో నన్నే కసిరింది. పుట్టినరోజున అంత మంచి తిట్టు ఎవరికి దొరుకుతుంది?

రేపు బడి తెరిచినా సాయంత్రాలు వీళ్ళు నావాళ్ళే. ఘన్‌పూర్‌లో మీ గల్లీ పిల్లలకు నువ్వు 'అమ్మీ'తో మొదలుపెట్టు.

నీ పక్కన కూర్చున్న మొద్దు