ఏడెనిమిదుల చాప

సఖినేటిపల్లి,
12 సెప్టెంబరు 1982, ఆదివారము.

చిరంజీవి సాలమోనుకు నీ తండ్రి దీవించి వ్రాయునది.

మా తాతగారు అక్షరాలు నేర్చిన దినాన్ని మన కుటుంబపు వేదగ్రంథం అట్ట లోపల స్వహస్తంతో రాసిపెట్టుకున్న సంగతి నీకు తెలుసు. ఒకరి పొలాల్లో కూలిచేసిన వంశంలో అక్షరం అడుగుపెట్టిన దినం అది. జనన మరణాల పట్టికకు పైన దానికి చోటిచ్చారు. ఆ పంక్తి కింద డెబ్బై ఏళ్లుగా ఎవరూ ఏమీ రాయలేదు. ఈవేళ చర్చి ఆరాధన నుండి వచ్చి, చేతులు కడుక్కొని, నేను రాశాను: “రత్నమాలకు గుణకారము బోధపడిన దినము, రత్నమాల వలన దాని తాతకు బోధపడిన దినము.” రాస్తుంటే సంతోషంతో అక్షరాలు కాస్త వంకరపోయాయి. పోనీలే, అలాగే ఉంచాను.

ఇక్కడ మేమందరం దైవకృప వల్ల కులాసాగా ఉన్నాము. అక్కడ నీ ఆరోగ్యం బాగుండాలని రెండు పూటలా ప్రార్థనలో తలుచుకుంటున్నాము. మీ అమ్మ మోకాలి నొప్పి తగ్గి, మెట్లు దిగి పెరట్లోకి వెళ్లగలుగుతోంది. కోడలు జ్ఞానమ్మ నువ్వు పంపిన గుడ్డతో పాపకు గౌను కుట్టింది. గోదావరి ఎర్రనీరు తగ్గి, పంటు పడవ మళ్లీ నరసాపురం వైపు తిరుగుతోంది. నువ్వు అడిగిన పనస మొక్క బతికింది, నాలుగు ఆకులు వేసింది. మస్కట్‌లో నిన్ను వడ్రంగులందరి మీద ఫోర్‌మన్‌ను చేశారన్న వార్త మీ అమ్మ చేత మూడుసార్లు చదివించుకుని విన్నాను.

నీ కిందటి ఉత్తరంలోని ఆఖరి ప్రశ్నకు మాత్రం ఇరవై రోజులుగా జవాబు రాయలేకపోయాను. “నాన్నగారూ, పాపకి నా బుర్రే వచ్చింది. ఎక్కాలు రాకపోతే ఈ ఏటితో బడి మాన్పించి కుట్టు మిషను కొనిద్దాం. నాలాగ పదిమందిలో నిలబడి ఏడవడం ఎందుకు? మీరు ఎలా అంటే అలా” అన్నావు. ఆ చివరి నాలుగు మాటల దగ్గర నా కలం ఆగిపోయింది. ఎందుకో చెబుతాను. ముందు జరిగింది విను.

మూడో తరగతి మాణిక్యాలరావు మాస్టారు, ఈ నెల పదవ తేదీ శుక్రవారం నోటి పరీక్ష పెడతాననీ, అందులో ఎనిమిదో ఎక్కం రాకపోతే రత్నమాలను రెండో తరగతి పిల్లల మధ్య కూర్చోబెట్టక తప్పదనీ కబురుచేశాడు. ముప్పై ఆరేళ్లు తెలుగు పండితుడిగా పనిచేసినవాణ్ణి, ఊరుకుంటానా? చెవికింపుగా ఉంటే ఏదైనా తలకెక్కుతుందన్నది నా జీవితకాలపు నమ్మకం. ఎనిమిదో ఎక్కాన్ని సీసపద్యంగా కట్టాను. గణాలు కుదిరాయి, యతి కుదిరింది. ఏడెనిమిదుల దగ్గర ‘యాభై ఆరు’ మాత్రం ఏ గణంలోనూ ఒదగలేదు. పూర్వకవుల మర్యాద ననుసరించి ‘అరువదికి నాల్గు తక్కువ’ అని చెప్పాను. ఎంత చక్కగా వచ్చిందో! మాస్టారుకు కూడా రాసిచ్చాను. తరగతి అంతా రాగం తీసి పాడారు.

మూడో రోజు సాయంత్రం మాస్టారు గుమ్మంలో నిలబడి, నవ్వు ఆపుకోలేక గొడుగు అటూ ఇటూ మార్చుకుంటున్నాడు.

“పద్యం దివ్యంగా ఉందండీ. పిల్లలందరికీ కంఠతా వచ్చేసిందండి ఆయ్. ఏడెనిమిదులెంతరా అంటే మాత్రం, తరగతి తరగతంతా అరవై నాలుగని రాసేరండీ.”

మీ అమ్మ వంటింట్లో నుండి నవ్విన నవ్వు రేవు దాకా వినిపించి ఉంటుంది. రత్నమాల పలక చూపించమన్నాను. ఏమీ రాయలేదు. పద్యం అంతా తప్పు లేకుండా పాడుతుంది. అంకె అడిగితే మొదటి పాదం నుండి అందుకుని, మధ్యలో దారి తప్పి, తల వంచుకుంటుంది. ఆ వంచిన తల నాకు ఎప్పుడో చూసినట్టే తోచింది. చూపు మరల్చుకున్నాను.

పోయిన శనివారం, పక్కింటి సూరమ్మ మన వసారాలో తాటాకు చాప అల్లుతోంది. పాప ఆమె పక్కన కూర్చుని చిన్న చీలికలతో ఏదో అల్లుతోంది. ఇంకా ఆరు రోజులే ఉందనీ, ఆటలు కట్టిపెట్టి పద్యం అప్పజెప్పమనీ గద్దించాను. సూరమ్మ తల ఎత్తలేదు.

“పండితులుగారూ, మీ పద్యం తరవాత. ఇందులో ఎన్ని గళ్లున్నాయో అడగండి దాన్ని. నా చాపలకి లెక్క చెప్పేది అదే.”

పాప చేతిలోది చూశాను. ఏడు చీలికలు నిలువుగా, ఎనిమిది అడ్డంగా. ఒక్కొక్కటిగా లెక్కపెడుతుందనుకున్నాను. అది చాపను ఐదో చీలిక దగ్గర మడిచింది.

“ఈ ఐదింటి మీద ఎనిమిదేసి, నలభై గళ్లు తాతా. వెనక్కి పోయిన రెండింటి మీద పదహారు. యాభై ఆరు.”

తొమ్మిదేడులు ఎంతని అడిగాను. ఈసారి చాప ముట్టుకోలేదు. “పది వరసలు అల్లి ఒక వరస ఊడదీసెయ్యడమే కదా. అరవై మూడు” అంది. అని, నా మొహం చూసి భయపడి, “తప్పా తాతా?” అంది.

నాయనా, ఇన్నేళ్లూ నేను ఎక్కాలు వల్లించాను, వల్లింపించాను. ఏడెనిమిదులు ఎందుకు యాభై ఆరు అయ్యాయో నన్ను ఒక్కరూ అడగలేదు, నన్ను నేనూ అడగలేదు. ఎనిమిదేళ్ల పిల్ల దాన్ని మడిచి నా ఒళ్లో పెట్టింది. ప్రభువు ఐదువేల మందిని పచ్చికమీద యాభైయేసి మందిగా బారులు తీర్చి కూర్చుండబెట్టిన ఘట్టం ఎన్నో ఆదివారాలు వినిపించాను. అవి వరసలని, అందులో గుణకారం ఉందని ఆ మధ్యాహ్నం మొదటిసారి నా కంటికి కనబడింది.

ఆ ఉత్సాహంలో మర్నాటి నుండి చర్చి వసారాలో పిల్లల్ని పోగేశాను. మీ అమ్మ నాకు మతి తప్పిందనుకుంది. పంటు నడిపేవారి అంజిబాబుకు చెవి చాలు. పద్యంలో ఆ పాదం సవరించి ఇస్తే ఒక్క పూటలో తప్పు లేకుండా పట్టేశాడు. వీరలక్ష్మి అనే పిల్ల ఉంది, నిలకడ లేదని నేను రెండుసార్లు మొట్టికాయ వేసిన పిల్ల. ఇసకలో గళ్లు గీసి అంకెలు వేసి, ఎనిమిదో గడి నుండి ఎనిమిదో గడికి గంతు వెయ్యమంటే, ఎనభై దాకా గంతులోనే నేర్చింది. ఒకరికి చెవి, ఒకరికి కాళ్లు, మన పాపకు చేతులు. ఇల్లు ఒకటే, వాకిళ్లు వేరు. ఇంతకాలమూ నేను ఒక్క వాకిలి తెరిచి, అటుగా రానివాళ్లను పనికిరారన్నాను.

శుక్రవారం వచ్చింది. నేనూ బడికి వెళ్లి కిటికీ బయట నిలబడ్డాను. మాస్టారు ఏడెనిమిదులు అడిగాడు. రత్నమాల చేతులు ముందుకు చాచి గాలిలో వేళ్లు కదిపింది.

“మాస్టారండీ, గాల్లో చాప అల్లేత్తందండీ,” అన్నాడు అంజిబాబు. తరగతి గొల్లుమంది.

“యాభై ఆరండీ,” అంది పాప.

మాస్టారు ఊరుకోలేదు. ఏ ఎక్కంలోనూ వాళ్లు చదవనిది, పన్నెండు పద్నాలుగులు అడిగాడు. నవ్వులు ఆగిపోయాయి. దాని వేళ్లు గాలిలో ఒక వరస గీశాయి, ఆగాయి, ఇంకొక వరస గీశాయి.

“పద్నాలుగేసి పది వరసలు, నూట నలభై అండీ. ఇంకో రెండు వరసలు ఇరవై ఎనిమిది. నూట అరవై ఎనిమిదండీ.”

మాస్టారు తన లెక్క సరిచూసుకోవడానికి సుద్దముక్క తీసుకుని బల్ల మీద వేసుకున్నాడు. తరువాత పాపను తీసుకువెళ్లి మొదటి వరసలో కూర్చోబెట్టాడు. సోమవారానికల్లా తరగతికి పెద్ద చాప ఒకటి కావాలని సూరమ్మకు పురమాయించాడు కూడా.

నేను మాత్రం ఆ కిటికీ దగ్గరే ఉండిపోయాను. గాలిలో కదిలిన ఆ వేళ్లను ఇదివరకు చూశాను, సాలమోనూ. నీకు పదేళ్లప్పుడు, చర్చి కప్పు వేస్తుంటే, నువ్వు కింద నిలబడి వేలితో గాలిలో వరసలు గీసి, సత్తిరాజు మేస్త్రీకి ఎన్ని పెంకులు తగ్గుతాయో చెప్పావు. మేస్త్రీ లెక్కపెట్టుకుని, సరిపోయిందని నాతో చెప్పాడు. కూలివాళ్ల దగ్గర పట్టుకున్న నేర్పు అని తోసిపారేశాను. ఆ నెలలోనే బడి సభలో పదమూడో ఎక్కం నీకు నోట రాక తల వంచుకున్నావు. పండితుడి కొడుకని వెనక ఎవరో నవ్వారు.

ఇప్పుడు ఇరవై ఆరేళ్లుగా దాచినది రాస్తున్నాను. ఐదో తరగతిలో నిన్ను మాన్పించింది హెడ్మాస్టరుగారు కాదు. నేను. నీ పేరు కొట్టివేయమని నేనే అడిగాను. “ఒక్క ఏడు ఆగండి పండితులుగారూ, పిల్లవాడు మొద్దు కాదు” అని ఆయన బతిమాలాడు. నేను వినలేదు. ఇంటికి వచ్చి, ఆయన ఒప్పుకోలేదని నీతో చెప్పాను. నువ్వు ఆయనను బజారులో చూసి తప్పుకుపోయేవాడివి. ఆయన పోయినప్పుడు భూస్థాపనకు కూడా నువ్వు రాలేదు. నేను సమాధి దగ్గర నిలబడి పాట పాడాను గాని, నీ పేరు ఎత్తలేదు. గుడారపు తెరలు నేసినవారి చేతులలో దేవుడే జ్ఞానం ఉంచాడని ప్రసంగాలు చేసినవాణ్ణి, నా ఇంట్లో ఉన్న చేతులను చూడలేదు. నీ బుర్రే పాపకు వచ్చిందన్నావు. అవును, నీ బుర్రే వచ్చింది. నువ్వు ఎన్నడూ మొద్దువు కావు. నన్ను క్షమించమని అడుగుతున్నాను.

నేను ఎలా అంటే అలా అన్నావు కనుక చెబుతున్నాను: పాప చదువుతుంది. ఎంతదాకా చదవగలిగితే అంతదాకా.

దీనితో పాటు చిన్న చాప ఒకటి కవరులో పెట్టాను. పాప అల్లింది. “ఐదో ఆకు దగ్గర మడవమను నాన్నని” అని చెప్పమంది. నీకు చెప్పనక్కరలేదని నేనంటే, అయినా రాయమంది. వేదగ్రంథం అట్ట లోపల నేను రాసిన పంక్తికీ తాతగారి పంక్తికీ మధ్య ఒక వేలెడు చోటు వదిలాను. అది నీది. సెలవుకు వచ్చినప్పుడు నీకు తోచింది నీ చేత్తోనే రాయి. ఏమి రాసినా నేను చదువుతాను.

నీ చేతుల పని వర్ధిల్లుగాక. నీ బిడ్డకూ, దాని బిడ్డలకూ, ఇంకా పుట్టని మన పిల్లలందరికీ, ఏ వాకిట నిలబడి తట్టినా ఆ వాకిలి తెరిచే పెద్దలు దొరుకుదురుగాక. వారి వేళ్లు గాలిలో కదిలినప్పుడు, నవ్వక ఆగి చూసే ఒక్కరైనా వారి చెంత ఉందురుగాక.

ఇట్లు,
నీ మేలు కోరే నాన్న,
లాజరు.