పొగ పరీక్షలో పాసైన లారీని ఫెయిలు చేయవలసిందిగా

వాహన తనిఖీ ప్రధానాధికారి గారి సముఖమునకు,
వనువా లేవు దీవి ఉత్తర తీరం, నతువలేవు గ్రామ నివాసి, లారీ డ్రైవరు సకియుసా నైవలు తల దించుకొని రాసుకొన్నది.

అయ్యా,

విషయం: నా పాత లారీకి పొగ పరీక్షలో ఇచ్చిన పాసును రద్దు చేయుట, మరియు పరీక్ష చేసిన శ్రీమతి రుసిలా గారిని తిరిగి విధుల్లోకి తీసుకొనుట గురించి.

తమ కార్యాలయానికి వచ్చే అర్జీలన్నీ ఫెయిలైన బండిని పాసు చేయమనే వస్తాయట. గేటు దగ్గర కాపలా ఆయన చెప్పాడు. నా విషయం చదివి, "మతి ఉండే రాస్తున్నావా పెద్దాయనా?" అని అడిగాడు. మతి ఉంది. మొహమే లేదు. అందుచేత స్వయంగా హాజరై విన్నవించుకోలేక, ఈ దిగువ సంగతులు కాగితం మీద పెట్టుకొంటున్నాను.

1. సదరు లారీ జపానులో ఒకరు వాడి వదిలేశాక మా దీవికి వచ్చిన డీజిలు బండి. వెనక టార్పాలిన్ కప్పు, రెండు పక్కలా కూర్చునే బల్లలు. మా ఊరి ఆడవాళ్ళు చేమదుంపలు, పెండలం, కొబ్బరికాయలు వేసుకొని సంతకు వెళ్ళాలన్నా, నొప్పులొచ్చినవాళ్ళు ఆసుపత్రికి చేరాలన్నా ఇదొక్కటే ఆధారం. ఊళ్ళో దీన్ని ముసల్ది అంటారు. తిట్టినా అదే పేరు, ముద్దు చేసినా అదే పేరు.

2. మొదటిసారి పరీక్షకు తెచ్చినప్పుడు జరిగినది. శ్రీమతి రుసిలా గారు పొగగొట్టం దగ్గర వంగి, కొలిచే గొట్టాన్ని లోపలికి దూర్చి, "మామా, నేను చెయ్యెత్తినప్పుడు మెల్లగా తొక్కండి. మెల్లగా, సరేనా?" అని స్పష్టముగా ఆదేశించి యున్నారు. నేను సరే అంటిని. కానీ వెనక లైనులో కొత్త బండ్లవాళ్ళు ముసల్దాన్ని చూసి ముసిముసిగా నవ్వుకొంటున్నారు. దీని సత్తా ఏమిటో చూపిద్దామని బుద్ధి పుట్టి, ఆమె చెయ్యెత్తగానే మెల్లగా తొక్కవలసినది బలమంతా పెట్టి తొక్కితిని. గొట్టంలోంచి ఎన్నేళ్ళ మసి ఉందో అంతా ఒక్కసారి ఆమె మొహాన, బట్టల మీద పడినది. ఆ సాయంత్రం చర్చిలో పాడడానికి వెళ్ళాలని ఆమె తెల్ల గౌను వేసుకొని వచ్చారట. ఆ సంగతి తర్వాత తెలిసింది.

లైనులో ఎవడో అరిచాడు: "ఒసే రుసిలా, పొయ్యిలోంచి లేచొచ్చావా ఏంటే?" ఇంకొకడు, "అమ్మాయికి అద్దం ఇవ్వండ్రా!" అన్నాడు. అందరూ నవ్వారు.

నేను కూడా నవ్వాను అయ్యా. ఈ మాట ఏ భాషలో రాస్తే గౌరవంగా ఉంటుందో ఎంత ఆలోచించినా తెలియలేదు, అందుకే ఉన్నది ఉన్నట్టు రాసేశాను. ఆమె ముంజేత్తో కళ్ళు తుడుచుకొని, గొంతు కూడా పెంచకుండా, "ఫెయిలైంది మామా. బాగు చేయించి తీసుకురండి" అన్నారు. కేకలేసినా బాగుండేది.

ఈ వార్త నాకంటే ముందే ఇల్లు చేరినది. నా భార్య అకెసా పెండలం ముక్కలు నా ముందు పెట్టి, "ఆ పిల్ల మసి కడుక్కుంటుంటే నువ్వు పళ్ళికిలించావట. నీ కూతురైతే ఇలాగే నవ్వేవాడివా? ఛీ!" అని లేచి వెళ్ళిపోయినది.

3. తదుపరి లారీని ఖేలావన్ అనే మెకానిక్కు వద్దకు తీసుకొనిపోయితిని. ఆయన గాలి ఫిల్టరు ఊడదీసి దులిపితే కొబ్బరిపీచు, కోడి ఈకలు రాలినవి. "ఇది లారీనా, గూడా? ఊపిరాడక చస్తోందయ్యా నీ బండి!" అని నన్ను చెడామడా తిట్టి, డీజిలు చిమ్మే నాజిళ్ళు విప్పి కడిగి, పంపు సరిచేసి పెట్టాడు. "ఇంజను చల్లగా ఉండగా పరీక్షకు పోకు. కొండ ఎక్కించి, బాగా కాగనిచ్చి, అప్పుడు పో" అన్నాడు. అలాగే చేసితిని. దొంగపని ఏదీ చేయలేదని బైబిలు మీద ప్రమాణం చేయగలను.

4. ఇక నా అసలు తప్పు. రెండవ పరీక్ష నాడు చర్చికి వేసుకొనే కోటు తొడిగి, నడుముకు మంచి సులు గుడ్డ చుట్టుకొని, దంచి నీళ్ళలో కలుపుకొని తాగే యంగోనా వేళ్ళ కట్ట ఒకటి చాపముక్కలో చుట్టి తెచ్చితిని. మా సోరో సంప్రదాయం తమకు తెలియనిది కాదు. అయినా ఫైలులో ఉండాలి గనుక రాస్తున్నాను. తప్పు చేసినవాడు కట్టను ఎదుటివారి ముందు పెట్టి, తల వంచుకొని నేల మీద కూర్చొంటాడు. వారు దాన్ని తాకి చప్పట్లు కొడితే తప్పు మాసినట్లు. తిప్పి పంపితే, వాడు బతికినంత కాలం ఆ గడప తొక్కరాదు. తప్పు ఒప్పుకోకుండా ఆ మనిషిని ఏ పనీ అడగకూడదని కూడా మా పెద్దల కట్టడి. కాబట్టి ముందు సోరో, తర్వాత పరీక్ష అనుకొన్నాను. ముందు పరీక్ష కానిచ్చి తర్వాత కట్ట పెట్టి ఉంటే ఈ అర్జీతో పనే లేదు. ఆ మాత్రం తెలివి ఆ రోజు నా బుర్రకు తట్టలేదు.

తనిఖీ షెడ్డులో, నూనె మరకల సిమెంటు మీద, అందరూ చూస్తుండగా కూర్చొంటిని. శ్రీమతి రుసిలా గారు కంగారుపడి అటూ ఇటూ చూసి, "మామా, ఇక్కడ వద్దు. లేవండి, మీకు పుణ్యముంటుంది. సాయంత్రం గేటు బయట చూసుకుందాం" అని మెల్లగా అన్నారు. కానీ నేను చెప్పవలసిన మాటలు మొదలుపెట్టి యుంటిని. సోరో మాటలు మధ్యలో ఆపేవాణ్ణి నేనింతవరకు చూడలేదు. నేను చెప్పుకొంటూనే పోయాను, కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆమె చేతిలోని పలక కింద పెట్టి, వంగి కట్టను తాకి, చప్పట్లు కొట్టారు. నా భుజం మీద ఒక్క క్షణం చెయ్యి వేశారు.

తర్వాత పరీక్ష జరిగినది. నేను మెల్లగా తొక్కితిని. లారీ పాసైనది. పొగ లెక్క చూపే యంత్రం వేరే గదిలో ఉంటుంది, దాన్ని చదివే గుమాస్తా వేరు. ఆయన గది దాటి బయటకే రాలేదు.

5. మా వెనక లైనులో ఉన్న ఒక బస్సు యజమాని బండి ఆ రోజే ఫెయిలైనది. "కట్ట పెట్టినవాడికి పాసు, పెట్టనివాడికి ఫెయిలు! బాగుందర్రా మీ పొగ పరీక్ష!" అని ఆయన షెడ్డంతా దద్దరిల్లేలా అరిచి, ఫిర్యాదు రాసి ఇచ్చినాడు. తత్ఫలితముగా శ్రీమతి రుసిలా గారు లంచం పుచ్చుకొన్నట్లు ఆరోపింపబడి, ఉద్యోగంలోంచి నిలిపివేయబడి, విచారణ ఎదుర్కొంటున్నారు. ఆయన తప్పేమీ లేదు. ఆ చోట నేనుంటే నేనూ అలాగే అరిచేవాణ్ణి.

6. కట్టను తెచ్చి అప్పగించి, తాను నిరాకరించినట్లు సంతకం చేస్తే హెచ్చరికతో వదిలేస్తామని తమ కార్యాలయం వారు ఆమెకు చెప్పినట్లు తెలిసినది. దానికి ఆమె "నా దగ్గర లేదు" అని మాత్రమే జవాబిచ్చి, ఎక్కడుందో చెప్పుటకు నిరాకరించినారట. అమ్మేసుకొందని ఊరంతా గుసగుసలు.

నేను వారింటికి వెళ్ళితిని. వరండాలో చాప పరిచి కూర్చోబెట్టారు, నిమ్మగడ్డి టీ ఇచ్చారు. "అమ్మా, నేను ఇంకో కట్ట తెస్తాను, అదే ఇదని చెప్పి ఇచ్చెయ్యి" అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపారు.

"అబద్ధం ఆడలేను మామా. నిజమే ఇచ్చినా, మీ సోరో నేను తిప్పికొట్టినట్టు సంతకం పెట్టాలిగా? నేను తాకాను, చప్పట్లు కొట్టాను. అయిపోయింది."

"మరి ఉద్యోగం?"

"చూద్దాం."

"నేను మీ పెద్దాఫీసరు గారికి అర్జీ రాస్తా."

అప్పుడు మాత్రం ఆమె గాభరాపడ్డారు. "వద్దు మామా, మీరేమీ రాయొద్దు. రాస్తే అన్నీ రాయాలి. రాయనని ఒట్టెయ్యండి!" అన్నారు. నేను ఒట్టు వేయకుండా టీ తాగి వచ్చేశాను.

7. కావున ప్రార్థించునది ఏమనగా: నా లారీ పాసును తక్షణమే రద్దు చేసి, దానిని ఫెయిలైనట్లు నమోదు చేయవలెను. లారీ లంచంతో పాసైనదని అనుమానం గనుక, పాసు లేకపోతే లంచమూ లేదు. మళ్ళీ పరీక్ష పెట్టినా సరే, ఎవరిచేత పెట్టించినా సరే. నేను వారి వైపు చూసి నవ్వను కూడా. నవ్వు వల్లనే గదా ఇదంతా. ఎవరినైనా శిక్షించక తప్పదంటే నా లైసెన్సు రద్దు చేయండి.

లారీ ఆగితే ఊరి గతి ఏమిటని తమరు అడగవచ్చు. ఈ మాట అకెసాను ముందే అడిగితిని. "గంపలు నెత్తిన పెట్టుకుని నడుస్తాం. మాకు కాళ్ళు లేవా? నువ్వు ముందు ఆ పిల్లను ఆ రొంపిలోంచి లాగు" అన్నది. కనుక గ్రామస్థుల సమ్మతి కూడా ఉన్నట్లే భావించవలెను.

తమ దయగల చిత్తమునకు ఈ నాలుగు మాటలు ఎక్కితే చాలునని,

తమ విధేయుడనని చెప్పుకొనుటకు సిగ్గుపడుచున్న,
సకియుసా నైవలు

తా.క. సంతకం చేసి కవరులో పెట్టాక మళ్ళీ తీశాను. ఇది పై నంబర్లలో ఎక్కడా ఇమడలేదు. ఇమడకపోవడం కాదు, రాయడానికి ధైర్యం చాలలేదు.

అయ్యా, సోరో కట్టను ఎవరూ ఇంటికి పట్టుకుపోరు. పదిమందిలో తప్పు ఒప్పుకొన్నప్పుడు పదిమందీ తాగాలి. రెండవ పరీక్ష జరిగిన ఆ శుక్రవారమే, ఫిర్యాదు కాగితం తమ దాకా చేరకముందు, ఆఫీసు మూసే వేళ షెడ్డు వెనక అందరూ కూర్చునే చోట రుసిలా గారు ఆ కట్టనే దంచించి కలిపించారు, నన్నూ కూర్చోబెట్టారు. కొబ్బరిచిప్పతో అందించింది నేనే. మొదటిది ఆమెకు. ఆలోపు తమరు మెట్లు దిగి వచ్చారు, రెండోది తమకు ఇచ్చాను. తమరు తాగి, చప్పట్లు కొట్టి, "ఎక్కడిదోయ్ ఇది, నాలుక మొద్దుబారిపోయింది! ఇంకోటి పొయ్యి" అన్నారు. ఇంకోటి పోశాను. ఎక్కడిదో మాత్రం చెప్పలేదు. తమంతటి వారు నా పక్కన కూర్చుని తాగుతుంటే నోరు పెగల్లేదు.

కట్ట ఎక్కడుందని విచారణలో ఆమెను అడిగింది తమరే అని విన్నాను.

ఇది బెదిరింపు అనుకోకండి. ఈ కాగితానికి నకలు లేదు, అకెసాకు కూడా చదివి వినిపించలేదు. తాగినందుకు తమరు సిగ్గుపడనక్కర్లేదు, తమకు తెలియక తాగారు. తెలిసిన ఆమె మాత్రం తమ పేరు చెప్పడం ఇష్టంలేక ఉద్యోగానికి దూరమై ఇంట్లో కూర్చుంది.