పైకెక్కని సంతకం

చిన్నప్పుడు నా చెవి మెలిపెట్టిన కుడిచేతికీ, ఆ చెవికే మందు రాసిన ఎడమచేతికీ, మొత్తంగా మా అక్కకి,

తమ్ముడు క్షేమం. ఒంటి వరకూ మాత్రమే. మిగతాది కింద రాస్తున్నాను, కూర్చుని చదువు.

ఈ కాలంలో ఉత్తరం ఏమిట్రా అని నొసలు చిట్లిస్తావు కాబట్టి ముందుగా సంజాయిషీ. ఫోన్ చేద్దామంటే పక్కగదిలో మీ ఆయన దగ్గితే ఇక్కడ నా మంచం కదులుతుంది. మెసేజ్ పెడదామంటే, నువ్వు సెలవుకి ఇంటికొచ్చినప్పుడల్లా మీరిద్దరూ ఒకరి ఫోను ఒకరు చూసుకునే ఆదర్శ దంపతులు. అందుకని నీ నర్సుల హాస్టల్ అడ్రసుకి, స్టాంపు అంటించి, పాతకాలపు ప్రేమికుడిలా రాస్తున్నాను. మధ్యాహ్నం భోజనాలవేళ, క్యాంటీన్లో చేతులు కడుక్కునే చోటు పక్క బల్ల మీద. కాగితం తడిగా ఉంటే అది కుళాయి నీళ్ళు. నా కన్నీళ్ళనుకుని అపార్థం చేసుకోవద్దు.

ఇక నా ఉద్యోగ వైభవం. మా షెడ్డులో ఒక పెద్ద క్రేను ఉంది. ఈ గోడ నుంచి ఆ గోడకి అడ్డంగా వేసిన ఇనుప వంతెన అనుకో, పట్టాల మీద షెడ్డంతా తిరుగుతుంది. దానికి వేలాడే హుక్కు పది టన్నుల ఇనుప దూలాన్ని, నువ్వు సిరంజి పట్టుకున్నంత తేలిగ్గా ఎత్తుతుంది. వంతెన కింద గాజు గదిలో కూర్చుని దాన్ని నడిపేది యాభై దాటిన ఒకావిడ. అందరికీ పిన్నే, మేనేజర్‌కి కూడా. కింద నిలబడి దూలాలకి చైన్లు కట్టి హుక్కుకి తగిలించేది మీ ఆయన. ఇక ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకున్న ఈ మహానుభావుడు రోజూ షిఫ్టుకి ముందు నలభై ఒక్క మెట్ల నిచ్చెనెక్కి, దాని ఆరోగ్యం చూసి, దిగొచ్చి, రిజిస్టర్లో పధ్నాలుగు గడుల్లో టిక్కులు పెట్టి సంతకం చెయ్యాలి. తాడులో తీగలు తెగాయా, బ్రేకు పట్టుకుంటోందా, హుక్కు నోరు సాగిందా, ఇలాగ. పదకొండో గడి లిమిట్ స్విచ్చిది. హుక్కు మరీ పైకి పోతే ఆ స్విచ్చి కరెంటు ఆపేస్తుంది. ఆపకపోతే హుక్కు వెళ్ళి పైన ఇనుముకి గుద్దుకుంటుంది. అప్పుడు తాడు తెగితే, వెళ్ళిన హుక్కు తిరిగొస్తుంది. కింద ఎవరుంటారో ఇందాకే రాశాను.

అక్కా, నేను ఇరవై మూడు రోజులుగా పైకెక్కలేదు.

ఉద్యోగంలో చేరిన మూడోరోజు పంతొమ్మిదో మెట్టు మీద ఉండగా ఎందుకో కిందికి చూశాను. అంతే. నా చేతులు నా మాట వినడం మానేశాయి. నిచ్చెనని కావలించుకుని ఎంతసేపున్నానో తెలీదు, నోట్లో తుప్పు రుచి. ఎలా దిగానో కూడా గుర్తులేదు. దిగాక చూస్తే షెడ్డులో ఎవరూ లేరు. ఎవరైనా ఉండి నవ్వి ఉంటే ఆ రోజే బాగుపడేవాణ్ణేమో. ఎవరూ చూడలేదు కదా అని నిచ్చెన కిందే కూర్చుని పధ్నాలుగు టిక్కులూ పెట్టేశాను. మర్నాడు ఇంకొంచెం సులువైంది. ఇప్పుడు ఎంత ఆరితేరానంటే, పైకెళ్ళొచ్చినట్టు కనపడాలని చేతులకి కాస్త గ్రీజు కూడా పూసుకుంటున్నాను. పిన్ని వచ్చేసరికి ఆ చేతుల్ని గుడ్డతో తుడుచుకుంటూ ఉంటాను. నాటకాల్లో చేరాల్సినవాణ్ణి.

మనసుకి ఎలా సర్దిచెప్పుకున్నానంటే, షిఫ్టు మొదట్లో పిన్ని ఎలాగూ ఖాళీ హుక్కుని మెల్లిగా పైదాకా లాగి స్విచ్చి పనిచేస్తోందో లేదో చూసుకోవాలి. అది ఆవిడ రూలు. ఆవిడ చూస్తున్నప్పుడు నా టిక్కు ఒట్టి అలంకారమే కదా!

నిన్న బావ హుక్కు కింద నిలబడి, "ఏం ఇంజనీరూ, అంతా బాగేనా?" అని అరిచాడు. నేను బొటనవేలు చూపించాను. అప్పట్నుంచీ ఆ వేలు నాది కానట్టుంది. ఈ ఉద్యోగం ఇప్పించింది తనే. చెబితే తన పరువు పోతుంది, చెప్పకపోతే ఏం పోతుందో ఆలోచించడానికి నాకు ధైర్యం చాలడం లేదు. బావకి చెప్పకు. ఏం చెయ్యాలో నాకు చెప్పు.

ఇట్లు,
పధ్నాలుగు గడుల ఏలిక, నీ తమ్ముడు

*

ఒరేయ్ తమ్ముడూ,

డ్యూటీ మధ్యలో రాస్తున్నాను. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి నవ్వొచ్చిన చోటల్లా కాళ్ళు చల్లబడ్డాయి.

ఎత్తంటే భయం ఉండటం తప్పు కాదు. ఇక్కడ రక్తం చూసి కళ్ళు తిరిగి పడిపోయిన పిల్ల ఒకతి ఉంది. నోరు తెరిచి చెప్పుకుంది, వేరే పనిలో వేశారు. నువ్వు చూడకుండా చూశానని రాశావు. ఆ రాత నమ్మి ఆయన కింద నిలబడుతున్నాడు. నాకున్నది ఒక్క మొగుడు, ఒక్క తమ్ముడు. ఇద్దర్నీ ఒకే తాడుకి కట్టావు కదరా.

ఇది అందిన వెంటనే ఎక్కు. ఎక్కలేకపోతే ఫోర్‌మన్‌కి చెప్పు. వచ్చే ఉత్తరంలో ఈ రెండింట్లో ఏదో ఒకటి చేశానని లేకపోతే మీ బావకి నేనే చెబుతాను. జోకులు తగ్గించి రాయి.

అక్క

*

అక్కా,

ముందు మాట ముందు. బావకి ఏమీ కాలేదు. ఇంకోసారి చదువుకో. ఏమీ కాలేదు.

నీ ఉత్తరం గురువారం సాయంత్రం అందింది. హుక్కు గురువారం పొద్దున పదింటికి గుద్దుకుంది.

దూలం దించేశారు. బావ చైన్లు విప్పాడు. పక్కనున్న ఎత్తైన ట్యాంకు మీదుగా పోవాలని పిన్ని ఖాళీ హుక్కుని బాగా పైకి లాగుతోంది. ఆగాల్సిన చోట అది ఆగలేదు. షెడ్డు పైకప్పు విరిగిందనుకున్నాను, అంత చప్పుడు. పిన్ని కరెంటు ఆపే ఎర్రమీట నొక్కేసింది. తాడు నలిగింది కానీ తెగలేదు. పైనుంచి ఇనుప ముక్క ఒకటి, అరచేయంతది, ఊడి పడింది. జారిన చైనుని కాలితో తోయడానికి బావ అప్పుడే రెండడుగులు పక్కకి వేశాడు. ఆ ముక్క అంతకుముందు తను నిలబడ్డ చోటే పడింది. నేల పగిలింది.

బావ దాన్ని చేతిలోకి తీసుకుని, కూరగాయలు తూచినట్టు, "కిలో ఉంటుంది" అన్నాడు. ఎవరో నవ్వారు. తర్వాత టీ గ్లాసు ఇస్తే పట్టుకోలేకపోయాడు, సగం చొక్కా మీద పోసుకున్నాడు. నేను చూశాను. నేను పదడుగుల దూరంలో ఉన్నానక్కా, చేతులకి గ్రీజుతో.

ఫోర్‌మన్ రిజిస్టర్ తెప్పించాడు. పదకొండో గడిలో టిక్కు ఉంది, కింద నా సంతకం ఉంది, అందంగా. "పొద్దున బాగున్న స్విచ్చి పదింటికెలా పోతుంది పిన్నీ? స్పీడుగా లాగి నువ్వే విరగ్గొట్టావ్," అన్నాడు. పిన్ని తలవంచుకుని చేతి తొడుగులు విప్పుకుంది. బావ ముందుకొచ్చి, "మా బావమరిది సంతకం పెట్టాడంటే చూసే ఉంటాడు సార్. వాడు వేళాకోళం మనిషే గానీ పనిలో కాదు," అన్నాడు. అందరిముందూ. నా భుజం మీద చెయ్యేసి.

ఆ చెయ్యి ఇంకా దిగలేదు. స్నానం చేశాను, అయినా ఉంది.

సోమవారం విచారణ. అప్పటిదాకా పిన్నిని ఆ గాజు క్యాబిన్ ఎక్కొద్దన్నారు. ఆవిడ గేటు దగ్గర బల్ల మీద టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటోంది. నేను వెనక గేటు నుంచి వస్తున్నాను. ఇంట్లో బావ, "తినరా, నువ్వెందుకు అలా అయిపోయావ్? ముక్క పడబోయింది నామీద, అదీ పడలేదు," అంటాడు. కళ్ళు మూస్తే హుక్కు పైకి పోతూనే ఉంటుంది.

నీ రెండింట్లో ఏదీ చెయ్యలేదు. మూడోది నిర్ణయించుకున్నాను. రాజీనామా రాసి జేబులో పెట్టుకున్నాను. సోమవారం విచారణకి ముందే ఇచ్చేసి బస్సెక్కుతాను. పిన్ని సీనియర్, రెండు మాటలని వదిలేస్తారులే. నిజం చెబితే బావ నా మొహం చూడడు. ఆ పని మాత్రం నావల్ల కాదు. నన్ను తిట్టు, కానీ బావకి చెప్పకు.

తమ్ముడు

*

అక్కా,

ఇది బుధవారం, క్యాంటీన్లోనే. నీ తిట్లు ఇంకా అందలేదు. అరచేతుల తోలు లేచింది, అక్షరాలు చూసి ఏ పిల్లాడో రాశాడనుకోకు.

సోమవారం రాజీనామా ఇద్దామని వెళ్తే మేనేజర్ గదిలో అప్పటికే అందరూ ఉన్నారు. ఫోర్‌మన్, బావ, పిన్ని. "రావయ్యా, సాక్షివి నువ్వే," అని నన్నూ కూర్చోబెట్టారు. మేనేజర్ పిన్నిని అడిగాడు, "షిఫ్టు మొదట్లో ఖాళీ హుక్కుతో స్విచ్చి చూశావా?"

"లేదు," అంది పిన్ని.

ఫోర్‌మన్ కుర్చీలో వెనక్కి వాలాడు, పని అయిపోయినట్టు.

"పద్దెనిమిదేళ్ళు రోజూ చూశానండీ. ఈ అబ్బాయి వచ్చాక మానేశాను. రోజూ నేనొచ్చేసరికి చేతులనిండా గ్రీజుతో ఉంటాడు. చదువుకున్నవాడు, పొద్దున్నే పైకెక్కి చూసొస్తున్నాడు. మళ్ళీ నేను చూస్తే పిల్లాడి పనిని నమ్మనట్టుంటుందని ఊరుకున్నాను. అది నా తప్పే. రాసుకోండి."

ఆవిడ చూస్తుందిలే అని నేను మానేశాను. నేను చూశానని ఆవిడ మానేసింది. నా దొంగ టిక్కు ఒట్టి అలంకారం కాదు, ఆవిడ పద్దెనిమిదేళ్ళ అలవాటుని మింగేసింది. ఆ హుక్కు పైన ముప్పై రోజులుగా ఎవరూ లేరు. కింద మాత్రం బావ ఉన్నాడు.

నోరు తెరిచాను. ఒక్క జోకు దొరికితే బాగుండుననిపించింది, దొరకలేదు. "నేను పైకెక్కలేదు సార్," అన్నాను. "ఏ రోజు?" అన్నాడు మేనేజర్. "మూడోరోజు తర్వాత ఎప్పుడూ," అన్నాను. గ్రీజు సంగతీ చెప్పాను. అది చెబుతుంటే పిన్ని నా చేతుల వైపు చూసింది. బావ మాత్రం ఎటూ చూడలేదు. హెల్మెట్ తీసి, లోపల ఏదో ఉన్నట్టు చూసి, మళ్ళీ పెట్టుకుని బయటికెళ్ళిపోయాడు. ఎలక్ట్రీషియన్ తర్వాత చెప్పాడు, స్విచ్చి చెయ్యి తుప్పుతో బిగుసుకుపోయి వారాలైందట.

జేబులోని రాజీనామా తీసి బల్ల మీద పెట్టాను. మేనేజర్ దాన్ని అందుకోబోయాడు. పిన్నే అడ్డుపడింది. జాలితో అనుకుంటున్నావా? విను.

"వీణ్ణి పంపేస్తే ఇంకోణ్ణి తెస్తారు. ఆ ఇంకోడికీ టిక్కులు పెట్టడం వచ్చే ఉంటుంది. వీడు ఎక్కలేదని మనకి తెలుసు, ఆ వచ్చేవాడి సంగతి తెలీదు. వీణ్ణే ఎక్కించండి. నడుముకి బెల్టు కట్టి ఎక్కించండి. వీడు పైన నిలబడి చూస్తుంటే కింద నేను హుక్కు లాగుతాను. అలా అయితేనే క్యాబిన్‌లో కూర్చుంటాను."

మేనేజర్ సరేనన్నాడు. నాకూ పిన్నికీ హెచ్చరిక కాగితాలిచ్చాడు. బావ రెండు రోజులుగా నాతో మాట్లాడలేదు. కంచం పెట్టి, పక్కగదిలోకెళ్ళి తింటున్నాడు. దగ్గు కూడా ఆపుకుంటున్నాడు.

ఈ పొద్దున కొత్త తాడు, కొత్త స్విచ్చి బిగించారు. బెల్టు కట్టారు. షెడ్డంతా చూస్తోంది. పదిహేను, పదహారు, పదిహేడు. పంతొమ్మిది దగ్గర చేతులు మళ్ళీ మొరాయించాయి. కళ్ళు మూసుకున్నాను. చెవుల్లో ఒకటే హోరు. పై గాజు గదిలోంచి పిన్ని, "నాకేం తొందర్లేదు, డబ్బాలో టిఫినుంది," అంది. ఇరవై అక్కా. ఇరవై ఒకటి. మిగతావి ఎక్కలేదు, పాకాను. వంతెన మీద కూడా నాలుగు కాళ్ళ మీదే వెళ్ళాను, పరువు ముందే పోయింది కాబట్టి ఇబ్బంది లేదు. రెయిలింగు పట్టుకుని తాడు మీద గుడ్డ ఉంచి లాగాను, ఎక్కడైనా తీగ తెగి ఉంటే గుడ్డకి పట్టుకుంటుందని. పట్టుకోలేదు. బ్రేకు చూశాను. ఇక స్విచ్చి.

పిన్ని హారన్ కొట్టింది. నేను "ఎత్తు" అనగానే ఖాళీ హుక్కు నా వైపు మెల్లిగా వస్తుంది, స్విచ్చి దగ్గర ఆగుతుందో లేదో చూడాలి. అప్పుడు కిందికి చూశాను. చూడకూడదనుకున్నాను గానీ చూడాల్సి వచ్చింది. హుక్కుకి సరిగ్గా కింద, రోజూ నిలబడే చోటే, చేతిలో చైనుతో బావ. అలవాటుగా నిలబడ్డాడో, కావాలనే నిలబడ్డాడో తెలీదు. పైకి చూడటం లేదు.

నాకు భయమేసింది. ఎత్తుకి కాదు.

"బావా, పక్కకి జరుగు," అన్నాను. ఇనుము అరగదీసే గ్రైండర్ల చప్పుడులో వినపడలేదు. మళ్ళీ అరిచాను. "బావా! నువ్వు జరిగేదాకా నేను ఎత్తమనను!"

షెడ్డులో గ్రైండర్లు ఆగిపోయాయి. బావ తలెత్తాడు. సోమవారం తర్వాత మొదటిసారి నా మొహం చూశాడు. రెండడుగులు జరిగాడు.

"ఇంకా," అన్నాను.

ఇంకా జరిగాడు.

నీ తమ్ముడు