రిజిస్టరు లేని గది

అక్కా, నీ పాదాలకు మొక్కి తమ్ముడు లింబాద్రి రాస్తున్నాను. ఇక్కడ నాకు తిండికీ ఆరోగ్యానికీ ఏ లోటూ లేదు. నువ్వు, బావ, సుజాత అంతా చల్లగా ఉన్నారని తలుస్తాను. నీ మోకాలు ఎట్లా ఉంది? నిజామాబాద్ దవాఖానకు పోయి చూపించుకున్నావా, లేక పసుపు సీజన్ అయిపోనీ అని మళ్లీ వెనక్కి నెట్టావా? సుజాతా, దీనికి జవాబు మీ అమ్మ చెప్పినట్టు కాదు, ఉన్నది ఉన్నట్టు రాయి.

మీ ఉత్తరం చేరి పది రోజులైంది. జవాబు ఆలస్యమైందని కోప్పడకు. రాయడానికి రెండుసార్లు కూర్చుని, రెండుసార్లూ కాగితం చించేశాను. ఎందుకో కింద చెబుతాను. ముందు ఒక మాట. నాకేమీ కాలేదు, ఉద్యోగం పోలేదు, ఒంటికి దెబ్బ తగల్లేదు. ఇది గుర్తుపెట్టుకుని మిగతాది విను.

ఈ ఎడారి దేశంలో ఎండలు మన దగ్గరిలా కావు. మన ఎండ మాడుస్తుంది, ఇక్కడి ఎండ ఉడకబెడుతుంది. కడాయిలో పసుపు కొమ్ములు ఉడికినట్టు ఉడుకుతున్నాం. మెస్సులో రోజూ పప్పు, అట్టముక్కలాంటి రొట్టె. నువ్వు పంపిన మామిడి తొక్కు అయిపోయి నెల దాటింది. సీసా కడగకుండా అందులోనే వేడి అన్నం కలుపుకుని తిన్నాను, నవ్వకు. ఎవరైనా ఇటు వస్తుంటే ఇంకో సీసా పంపు.

నువ్వు రాయించిన మార్కెట్ ముచ్చట చదివాను. యార్డులో దొంగతనాలు ఎక్కువయ్యాయని, పట్నం నుంచి ప్రైవేటు సెక్యూరిటీ కంపెనీని తెస్తారని, పసుపు ఏరే ఆడవాళ్లను గేటు దగ్గర సోదా చేస్తారని, పట్టుబడ్డవాళ్లను ఉంచడానికి కాంటా పక్కన ఒక గది కూడా చూశారని. హమాలీల తరఫున బావ సంతకం పెట్టాలట. నన్ను వచ్చేయమని, అందులో సూపర్‌వైజర్‌గా పెట్టిస్తామని సేట్లు బావతో అన్నారట. "తమ్ముడు గసొంటి కంపెనీలనే ఉన్నడు గదా, గానికి అన్ని ఎర్కే" అని నువ్వు సంబరపడ్డావట. అక్కా, నాకు నిజంగానే అన్నీ తెలుసు. అందుకే ఈ ఉత్తరం రాయడం కష్టమైంది.

నేను వచ్చిన కొత్తలో మా కంపెనీ పని గోదాముల దగ్గర, ఆఫీసు గేట్ల దగ్గర కాపలా మాత్రమే. కొన్ని నెలల కిందట ఊరి బయట కూలీల క్యాంపుల బందోబస్తు మొత్తం మా కంపెనీ చేతికి వచ్చింది. అంతకుముందు తగాదా ఏదైనా వస్తే సర్కారు పోలీసులు జీపులో వచ్చేవాళ్లట. ఆ జీపు రావడం ఆగిపోయింది. తగాదా తీర్చేది మేమే, సోదా చేసేది మేమే, మనిషిని పట్టి లోపల వేసేదీ మేమే. సిమెంటు బస్తాలు పెట్టే గదికి ఇనుప తలుపు బిగించి దాన్ని లాకప్ చేశారు.

ఆర్మూర్ ఠాణాలో నాలుగేళ్లు హోంగార్డుగా చేశానని నా కాగితాల్లో చూసి, మేనేజర్ నన్ను ఏరికోరి అక్కడ వేశాడు. భుజాల మీద పట్టీలు, నడుముకు వెడల్పాటి బెల్టు, చేతిలో తాళాల గుత్తి. నీకు పంపిన ఫోటో అప్పటిదే. "నా తమ్ముడు ఎస్సై లెక్క కొడ్తున్నడు" అని వాడకట్టంతా చూపించావట. నేను కూడా పొంగిపోయాను అక్కా, దాచడమెందుకు. మన ఠాణాలో అందరికీ చాయ్ మోసినవాణ్ని, ఇక్కడ నన్ను చూసి మనుషులు లేచి నిలబడుతుంటే బాగానే అనిపించింది.

ఆ క్యాంపులో లక్ష్మణ్ అని ఒక మేస్త్రీ ఉన్నాడు. మనవాడే, మన జిల్లా ఇందల్వాయి. నేను మన పెర్కిట్ వాణ్నని తెలిసిన రోజు నుంచి ప్రతి శుక్రవారం, సెలవు రోజు, వచ్చి నా పక్కన కూర్చునేవాడు. మక్క గట్క, పచ్చిపులుసు తలుచుకుని ఇద్దరం లొట్టలు వేసేవాళ్లం. అతనికి ఉబ్బసం ఉంది. సిమెంటు దుమ్ము లోపలికి పోతే పిల్లికూతలు వచ్చేవి. "గీ దమ్ము నాకు మా నాయిన ఇచ్చిన ఆస్తి అన్నా" అని తనే నవ్వేవాడు.

ఒక వారం క్యాంపుకు వచ్చే తాగేనీళ్లలో డీజిల్ వాసన మొదలైంది. కూలీలు చెప్పారు, మళ్లీ చెప్పారు, ఎవరూ పట్టించుకోలేదు. చివరికి ఒక పొద్దున మంచినీళ్లు వచ్చేదాకా పనికి పోయే బస్సు ఎక్కేది లేదని నేల మీద కూర్చున్నారు. ఒక్క రాయి లేవలేదు, ఒక్క బూతు మాట లేదు. మా సూపర్‌వైజర్ వచ్చి ముందు వరుసలోని ఆరుగురిని వేలితో చూపించి లోపల వెయ్యమన్నాడు. ఆ ఆరుగురిలో లక్ష్మణ్ ఉన్నాడు.

సుజాతా, ఇక్కడి నుంచి నిదానంగా చదువు. మీ అమ్మ మధ్యలో ఆపమన్నా ఆపకు.

తలుపు నేనే తీశాను. ఆరుగురూ లోపలికి పోయారు. లక్ష్మణ్ గడప దగ్గర ఆగి నా ముఖంలోకి చూశాడు.

"అన్నా, నువ్వు మనోనివే గదనే. మేమేం దొంగతనం జేసినమా?"

"ఆర్డరొచ్చింది తమ్మీ. నేనేం జెయ్యాలె?" అన్నాను.

"ఎవలిచ్చిండ్రే ఆర్డరు?"

తలుపు వేసి తాళం వేశాను. నా చేతులతోనే వేశాను అక్కా.

మన ఠాణా గుడేమీ కాదు. అక్కడ దెబ్బలు పడేవి, అన్యాయాలు జరిగేవి, నేను చూడనిది కాదు. కానీ అక్కడ రైటర్ పని చేసే ముసలి హెడ్ కానిస్టేబుల్ ఒకాయన ఉండేవాడు. మనిషిని లోపలికి తెచ్చిన వెంటనే రిజిస్టరు తీయమని మమ్మల్ని కసిరేవాడు. "పేరు రాయకుంటే గా మనిషి లేనట్టేరా. రేపు ఆని అవ్వ వచ్చి నా కొడుకేడీ అంటే ఏం జెప్తవ్?" అనేవాడు. ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందుకు పోవాలి. పోకపోతే ఠాణా ముందు ఊరంతా వచ్చి కూర్చుంటుంది, వకీలు వస్తాడు. ఒకడు తప్పు చేస్తే అడిగే ఇంకొకడు ఉంటాడు.

నేను సూపర్‌వైజర్‌ను రిజిస్టరు అడిగాను. అతను నవ్వాడు. "ఇది జైలు కాదు, రిజిస్టరు ఎందుకు?" అని ఉర్దూలో అన్నాడు. జైలు కాకపోతే తాళం ఎందుకని అడగాల్సింది. నా చిన్న నోటుబుక్కు తీసి ఆరుగురి పేర్లు, ఊర్లు, లోపల వేసిన టైము రాసుకున్నాను. ఆ రోజు నేను చేసిన మంచి పని అదొక్కటే.

మరునాడు శుక్రవారం. ఆఫీసుకు సెలవు, సూపర్‌వైజర్ లేడు. ఫోన్ ఆర్డరు లేకుండా తలుపు తీయవద్దని చెప్పి పోయాడు. మధ్యాహ్నానికి ఆ గది కుంపటిలా ఉంది. లోపలి నుంచి తలుపు బాదడం మొదలైంది. కిటికీ ఊచల్లోంచి చూస్తే లక్ష్మణ్ గోడకు చేతులు ఆనించి, నోరు తెరిచి గాలి కోసం కొట్టుకుంటున్నాడు. పెదవులు నల్లబడ్డాయి. ఆఫీసుకు ఫోన్ చేశాను. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. మేనేజర్ ఇంటికి చేస్తే, ఆదివారానికి వస్తాడని చెప్పి నౌకరు ఫోన్ పెట్టేశాడు.

నేను ఆ ఫోన్ పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు. ఉద్యోగం పోతుందనుకున్నాను. నువ్వు చూసిన సంబంధం పోతుందనుకున్నాను. వాళ్లు నన్నే ఆ గదిలో వేస్తే నా పేరు ఎవరు రాసుకుంటారు అని కూడా అనుకున్నాను. అప్పుడు లోపలి నుంచి ఒకతను ఏడుస్తూ అరిచాడు. "ఓ అన్నా, మనిషి పోతున్నడే!"

తాళం తీశాను.

మిగతా ఐదుగురూ బయటికి వచ్చారు. పారిపోతారేమో అని ఒక్క క్షణం అనిపించింది, అబద్ధం చెప్పను. వాళ్లలో పెద్దవాడు నా భయం కనిపెట్టి, "మేం యాడికీ పోం. ఈడనే కూసుంటం. నువ్వు గాయన్ను తీస్కపో" అన్నాడు. గది ముందు నీడలో వరసగా కూర్చున్నారు. నేను లక్ష్మణ్‌ను భుజాన వేసుకుని రోడ్డు మీదికి పరుగెత్తాను. కూరగాయల వ్యాను ఒకటి ఆగింది.

దవాఖానలో ముక్కుకు గొట్టం పెట్టి, సూది వేశారు. గంట తర్వాత ముఖం తేరుకుంది. డాక్టరు నా బట్టలు చూసి పోలీసువా అని అడిగాడు. కాదు, కంపెనీ అన్నాను. మరి ఇతన్ని ఎవరు పట్టుకున్నారు అన్నాడు. మేమే అన్నాను. ఎవరి హుకుముతో అన్నాడు. ముందు రోజు లక్ష్మణ్ అడిగిన ప్రశ్నే అది.

డాక్టరు సర్కారు పోలీసులకు ఫోన్ చేశాడు. ఒక ఆఫీసర్ వచ్చాడు. నా నోటుబుక్కు అతని ముందు పెట్టాను. పేర్లు చదివి, వీళ్ల మీద కేసేమిటి అన్నాడు.

"నీళ్లడిగారు సాబ్" అన్నాను.

అతను నోటుబుక్కు మూసి లేచాడు. తర్వాత నాతో క్యాంపుకు వచ్చాడు. ఆ ఐదుగురూ అన్న మాట ప్రకారం అక్కడే కూర్చుని ఉన్నారు. వాళ్లను తమ గదులకు పొమ్మని, తాళాలు తన జీపులో వేసుకుని పోయాడు.

దీన్ని గెలుపు అనుకోకు. నీళ్ల ట్యాంకరు మారింది, అది నిజం. కానీ గది అక్కడే ఉంది, కొత్త తాళం వచ్చింది. నీళ్లు అడిగినవాళ్లలో ఇద్దరిని వాళ్ల కంపెనీ దేశం వదిలి పొమ్మంది. ఒకడు లక్ష్మణ్. నన్ను మేనేజర్ పిలిచి, "నువ్వు గార్డువా, వాళ్ల చుట్టానివా?" అన్నాడు. ఇద్దరమూ ఒక దిక్కువాళ్లమే సార్ అన్నాను. పట్టీలు, బెల్టు తీసుకుని నన్ను చేపల గోదాము గేటుకు మార్చాడు. ఒళ్లంతా చేపల వాసన. నిద్ర మాత్రం బాగానే పడుతున్నది, ఫికర్ పడకు.

పిల్ల తరఫువాళ్లకు ఈ సంగతి చెప్పు. ఫోటోలో ఉన్న ఆఫీసర్ ఇప్పుడు చేపల గోదాము దగ్గర ఉన్నాడని చెప్పు. ఇష్టముంటే చేస్తారు, లేకుంటే లేదు.

బావకు నా దండాలు చెప్పి, ఈ మాట కూడా చెప్పు. దొంగతనాలు ఆగాలనేది తప్పు కాదు. వాచ్‌మన్‌లను పెట్టుకోమను, గేటుకు లైట్లు పెట్టించుకోమను. దొంగ దొరికితే ఠాణాకు అప్పజెప్పమను. కానీ ఆ గదికి మాత్రం ఒప్పుకోవద్దను. నీలాంటి ఆడదాన్ని పిడికెడు కొమ్ములు దొరికాయని ఆ గదిలో పెడితే, సుజాత ఎక్కడికి పోయి అడగాలి? కంపెనీ మీద ఫిర్యాదు కంపెనీకే చేయాలా? ఆ సూపర్‌వైజర్ పని నాకు వద్దు. ఆర్మూర్‌లోనే, మీ పక్కనే ఉండే పని అయినా వద్దు. మీ దగ్గరికి రావాలని నాకెంత ఉందో నీకు తెలుసు కదా.

లక్ష్మణ్ ఎల్లుండి విమానం ఎక్కుతున్నాడు. నిన్న అతన్ని చూడటానికి పోయి ముఖం ఎత్తలేక నిలబడ్డాను. అతనే నా చేయి పట్టుకున్నాడు.

"ఉత్తరమేమన్న ఉంటే ఇయ్యే. పెర్కిట్ ఎంత దూరం మాకు? అక్క చేతులనే పెడ్త" అన్నాడు. కొంచెం ఆగి, "నువ్వు తాళమేసిన ముచ్చట నేను చెప్ప తియ్యి. తీసిన ముచ్చటే చెప్త" అన్నాడు.

కాబట్టి అక్కా, ఈ ఉత్తరం తెచ్చి నీకిచ్చిన మనిషి ఆ లక్ష్మణే. కాళ్లకు నీళ్లివ్వు, కూర్చోబెట్టి గట్క పెట్టు, దుమ్ములో కూర్చోనివ్వకు. తర్వాత బావతో చెప్పి మార్కెట్ మీటింగుకు తీసుకుపొమ్మను. నా ఉత్తరం అక్కడ చదవొద్దు, అతని నోటితోనే చెప్పనివ్వండి. నేను తాళం వేసిన ముక్క దగ్గర అతను దాటవేయాలని చూస్తాడు. దాటనివ్వకండి. మీ తమ్ముడిలాంటివాడే ఆ తాళం వేశాడని అందరికీ తెలియాలి.

పెద్దలందరికీ నా నమస్కారాలు, సుజాతకు ముద్దులు. నా తల మీద చేయి పెట్టినట్టు తలుచుకుని దీవించు.

నీ చేతి ముద్ద తిని పెరిగిన తమ్ముడు,
లింబాద్రి