ఆమె పాదాలు చూసే పని

కుష్ఠు ఆసుపత్రిలో ముప్పై నాలుగేళ్లు చర్మపరీక్షలు చేసి, "దూది మేష్టారు" అనే పేరుతో రిటైరైన నేను, డెబ్బై రెండో ఏట, మోకాళ్లు తప్ప బుద్ధి, జ్ఞాపకం సక్రమంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా రాసుకుంటున్న వీలునామా.

1. నా స్వార్జితమైన రెండు గదుల ఇల్లు, వరండాతో సహా, సర్వహక్కులతో నా భార్యకు చెందవలెను. పెళ్లైన ఆరో ఏట ఆమె పొయ్యి మీది గిన్నెలు మసిగుడ్డ లేకుండా దించుతుంటే, "మా ఆవిడవి ఉక్కు చేతులు" అని చుట్టాల ముందు గొప్పలు పోయాను. రోజంతా రోగుల కళ్లు మూయించి, మచ్చల మీద దూదిపోచ తాకించి, "తెలిసిందా?" అని అడిగేవాణ్ణి. ఇంట్లో అడగడానికి రెండేళ్లు పట్టింది. మందులతో ఆమె కుష్ఠు పూర్తిగా నయమైంది. చేతులకు, పాదాలకు పోయిన స్పర్శ మాత్రం తిరిగి రాలేదు.

2. మందు మొదలయ్యాక జబ్బు అంటుకోదని ఎంత చెప్పినా, మా ఇంటికి సంచిలో సొంత గ్లాసు తెచ్చుకున్న మా అన్నయ్యకు, మా ఇంటి గ్లాసులు ఆరూ. ఆరింటితోనూ తాగాలి.

3. కొడుక్కి నా సైకిలు, వాచీ. పుండు చూస్తే వాడికి కళ్లు తిరుగుతాయి, అది తప్పు కాదు. వాళ్లమ్మను నవ్వించడంలో వాడికి సాటి లేరు. ఆదివారాలు ఆ పని వాడిది.

4. కూతురికి నా పీట, చేతి అద్దం, పాదాలు రుద్దే రాయి, నూనె సీసా, ఈ వీలునామా అమలు చేసే బాధ్యత. "నాకు చేతకాదేమో నాన్నా" అన్నావు. ఏం లేదమ్మా. రోజూ సాయంత్రం పాదాలు నీళ్లలో నానబెట్టు. గట్టిపడ్డ తోలు మెల్లగా రుద్ది నూనె పట్టించు. వేళ్ల సందులు చూడు. ఎక్కడైనా ఎర్రగా, వేడిగా ఉంటే నడవనివ్వకు. "ఏం లేదులేవే" అంటుంది. నమ్మకు. నొప్పి తెలియక అంటుంది. మెత్తటి రబ్బరు చెప్పుల కొలత అద్దం వెనక రాసిపెట్టాను.

5. నేను పోయిన రోజు ఆమె చెప్పులు మరిచిపోయి ఇల్లంతా తిరుగుతుంది. వాకిలి ఎండకు కాలుతూ ఉండొచ్చు, గాజుముక్క గుచ్చుకోవచ్చు. ఆమెకు తెలియదు. సాయంత్రం దాకా ఆగకండి. ముందు ఆమె పాదాలు చూడండి. నన్ను తర్వాత మోయవచ్చు.

తేదీ: 2019 ఆగస్టు 9
సంతకం: దూది మేష్టారు
సాక్షులు: ఆసుపత్రి చెప్పుల మేస్త్రి, కట్లు కట్టే సిస్టరు