తాళాల కొట్టు చిరునామాతో ఒక ప్రకటన

పెద్దనాన్నకు మీ తమ్ముడి కూతురు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అందరం బాగున్నామని మొదట రాయమంది నానమ్మ. ఆవిడ మాట కాదనలేను కాబట్టి బాగున్నాం. మీరూ కులాసాగా ఉన్నారనుకుంటాను.

ముందు మీరడిగినవాటికి జవాబులు. కళ్ళజోడు మళ్ళీ మార్చాను, రోజంతా తెరమీద పాత పేపర్లు చదివితే మారక ఏంచేస్తుంది. నాన్న గురక తగ్గలేదు. చిన్నప్పుడు మీ పక్కన పడుకునే ఆ అలవాటు అంటుకుందని నేరం మీమీదికి తోస్తున్నాడు. థీసిస్ సంగతి అడక్కండి. కుళాయిలు లేని రోజుల్లో జనం నీళ్ళకు పడ్డ తిప్పలన్నీ పేపర్లలోంచి ఏరుతున్నాను, మా గైడు ఇంకా ఏరమంటున్నారు.

ఇక మీ పెద్ద ప్రశ్న. ఇల్లు వదిలాక మీ నాన్న మిమ్మల్ని ఒక్కరోజైనా వెతికాడా, వెతికితే పేపర్లో వేయించి ఉండడా, చూసి చెప్పమన్నారు. చూసి, ఏమీ లేదని రాశాను. దానికి మీరు, అయితే ఆ గడప తొక్కనని రెండు ముక్కలు రాసి పంపారు. ఇన్నేళ్ళకు మీ ఆచూకీ తెలిసిననాటినుంచి నానమ్మ మీ రాకకోసమే కాచుకుని ఉంది. ఆ రెండు ముక్కలూ ఆవిడకు చదివి వినిపించడానికి నోరు రాక, ఇంకా జవాబే రాలేదని బొంకాను. అప్పట్నుంచి నాకు అన్నం సయించడం లేదు.

మన తాళాల కొట్లో జనం ముందు తాతయ్య మీ చెంప పగలగొట్టాడని, మీరు చేతిలోని ఆకురాయి బల్లమీద పెట్టి మాట్లాడకుండా వెళ్ళిపోయారని నాన్న చెప్పాడు. ఆ తర్వాత ఇంట్లో ఎవరైనా మీ పేరెత్తితే తాతయ్య కంచం ముందునుంచి లేచిపోయేవాడట. అలాంటి మనిషి కొడుకును వెతికించలేదంటే నాకు వింతగా తోచలేదు. తోచి ఉంటే బాగుండేది.

ఎందుకంటే పొరపాటు నాది. ఆ పేపర్లన్నిటినీ ఫొటోలు తీసి కంప్యూటర్లోకి ఎక్కించారు. ఒక మాట టైపు చేస్తే అది ఉన్న పేజీలు వస్తాయి. పైన వార్తలు, ఉత్తరాలు, ప్రకటనలు అని చిన్న చిన్న గడులుంటాయి. మనం ముట్టుకోకపోతే వార్తల గడికి మాత్రమే టిక్కు ఉంటుంది. సబ్బులూ తలనూనెలూ అడ్డం రాకుండా నేనూ దాన్ని అలాగే వదిలేస్తాను. మీ పేరు కొట్టాను, తాతయ్య పేరు కొట్టాను, ఫలితాలు లేవంది. లేవంటే లేవనుకున్నాను. దొరకలేదన్నంత మాత్రాన లేదనుకోవద్దని మా గైడు చేరిన రోజే చెప్పారు. నేను బుద్ధిగా తలూపాను కూడా.

మొన్న నీళ్ళ బండ్ల ప్రకటనలు కావలసివచ్చి ఆ గడికి టిక్కు పెట్టాను. పనయ్యాక, భయంభయంగానే, తాళాల కొట్టు అని టైపు చేశాను. ఒక పేజీ తెరుచుకుంది, మూలన చిన్న ప్రకటన. అందులో పేర్లు లేవు.

"కోపగించి వెళ్ళిన పెద్దబ్బాయికి: నిన్నెవరూ ఏమీ అనరు. అమ్మ భోజనము చేయుట లేదు. వెంటనే రావలెను. నాన్న."

కింద ఇంటి చిరునామా కాదు, కొట్టుది. ఇంట్లో తెలిస్తే పరువు పోతుందనుకున్నాడు కాబోలు. అది మీరు వెళ్ళిన వారంలోది. తర్వాత ఏటా అదే నెలలో ఒకటి వేయించాడు. మా నాన్న పెళ్ళయిన ఏటి ప్రకటనలో, తమ్ముడి పెళ్ళి, దూరంనుంచి చూసి వెళ్ళినా చాలునని ఉంది. తాతయ్య పోయిన ఏటిదే చివరిది. రాకపోయినా సరే, బతికి ఉన్నానని ఒక్క ముక్క రాయవలెనని. అప్పటికి మీరు ఓడలమీద తిరుగుతున్నారు, ఆ పేపరు మీ కంటపడే దారే లేదు. అన్నీ ప్రింటు తీసి ఇందులో పెట్టాను. అక్షరాలు అలుక్కుపోయినచోట పక్కన చేత్తో రాశాను.

ఫోను చేస్తే తాతయ్య మాట రాగానే మీరు పెట్టేస్తారు, అందుకే ఈ ఉత్తరం. ఇది ఎప్పటికి చేరుతుందోనని ఒకటే గుబులు. ఎందుకో కూడా చెప్పేస్తాను. మేం బాగాలేం పెద్దనాన్నా. వచ్చే నెల మొదట్లో నానమ్మకు గుండె ఆపరేషన్. ఈ వయసులో తట్టుకుంటుందని మాట ఇవ్వలేనని డాక్టరు నాన్నను పక్కకు పిలిచి చెప్పాడు. జాలిపడి వచ్చే కొడుకు నాకక్కర్లేదని, ఈ సంగతి మీకు రాయనని నానమ్మ నాచేత ఒట్టు వేయించుకుంది. ఒట్టు తీసి గట్టున పెట్టి రాస్తున్నాను. నేనొక గడి చూసుకోనందువల్ల మీరిద్దరూ కలవకుండానే అయిపోతే నేనేం కాను? నాకు చాలా భయంగా ఉంది.

ప్రకటనలు మాత్రం ఈ ఉదయం ఆవిడకు చదివి వినిపించాను. ఆవిడకు వాటిలో ఒక్కటీ తెలియదు. మొదటిదాన్ని మళ్ళీ చదివించుకుంది. చాలాసేపు ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి, పెన్ను తీసుకోమంది. తను చెప్పింది చెప్పినట్టు రాయాలట.

"ఎవరూ ఏమీ అనరని ఆయనెలా వేయించాడు? నన్నడిగాడా? నేనంటాను. ఇన్నేళ్ళ తిట్లు దాచుకుని కూర్చున్నాను. వచ్చి నా ముందు నిలబడి తినమను."

ఇట్లు,
వీధివైపే చూస్తుండే
మీ తమ్ముడి కూతురు